నాయన ఆకులో ఏం పెట్టాలి?

కుప్పం
27 జులై 2025

అక్కా,

క్షేమంగా చేరాను. పలమనేరు దాకా నిలబడే వచ్చాను, ఆ తర్వాత కిటికీ పక్కన సీటు దొరికింది. నువ్వు మూట కట్టి ఇచ్చిన నిప్పట్లు ఇల్లు చేరేసరికి సగమయ్యాయి. మిగతా సగం మా ఆయన చూసుకున్నాడు.

మనం ఉత్తరాలు రాసుకోవడం చూసి ఆయనకు నవ్వు. ఫోను చేస్తే అరనిమిషం పని గదా అంటాడు. ఫోను చేస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను, విషయం అక్కడే ఉండిపోతుంది. ఆయనకు ఏం తెలుసు? మన నాయన ఓడలో ఉండి మనల్ని పుంగనూరులో ఉత్తరాలతోనే పెంచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

నాయన ఏడాది బాగా జరిగింది. ఊరంతా వచ్చింది. ‘నేవీ దొరస్వామి’ అని ఒకరంటే, ‘మా పెండ్లిలో వంట ఆయప్పదే’ అని ఇంకొకరు. నేను ఏడవకుండా వడ్డించాను చూడు, అదే గొప్ప.

అసలు సంగతి ఇది. నన్ను బస్సెక్కించడానికి అమ్మ బస్టాండు దాకా వచ్చింది కదా. అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

“పాపా, ఏడాది అయిపోయినాది. ఈ తూరి పెద్దల అమావాస్యకు మీ నాయనకు గూడా ఆకు వెయ్యాల. దాన్లో ఏం పెట్టాల?”

నేను తేలిగ్గా తీసుకున్నాను. “ఆయనకు ఇష్టమైంది పెట్టు మా” అన్నాను.

“అదే అడగతాండాను. ఆయప్పకు ఏమిష్టం?”

మనింట్లో పద్ధతి నీకు తెలిసిందే. పెద్దలకు ఎవరికేది ఇష్టమో వాళ్ళ ఆకులో అదే. తాతకు సంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఒక బీడీ కట్ట. అవ్వకు ఓళిగలు, నెయ్యి, ఆకూ వక్కా. చిన్నప్పుడు ఆ బీడీ కట్ట చూసి మనం ఎంత నవ్వేవాళ్ళం! మరి నాయన ఆకులో ఏముండాలి?

బస్సు కదిలాక కూడా అదే ఆలోచన. నాయన సెలవులకు వస్తే వంటింట్లో ఆయనే ఉండేవాడు. ఓడలో వందల మందికి వండిన చెయ్యి, నలుగురికి వండడం రాక అండా నిండా వండి వీధిలో వాళ్ళందరినీ పిలిచేవాడు. అందరం తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది తినేవాడు. ఏది పెట్టినా ‘బాగుండాది’ అనేవాడు. నాకు ఫలానాది కావాలని ఆయన నోరు తెరిచి అడగడం నువ్వెప్పుడైనా విన్నావా? నేను వినలేదక్కా. కన్నబిడ్డను, నాకు తెలియదు. అది తలచుకుంటే అన్నం సహించడం లేదు.

నీ చెల్లెలు
భార్గవి


మదనపల్లె
4 ఆగస్టు 2025

పిచ్చి భార్గవీ,

ఈ మాత్రం దానికి అన్నం మానేశావా? రెండు దినాలు మానెయ్యి, ఒళ్ళు కొంచెం తగ్గుతుంది.

ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఊరందరికీ తెలిసిన సంగతి నీకొక్కదానికే తెలియదా? నాయనకు చేపలంటే ప్రాణం. సముద్రం మీద బతికినవాడికి చేపలు కాక చెనిక్కాయలు ఇష్టమవుతాయా? ఆయన సెలవుకు వస్తున్నాడని జాబు వచ్చిందంటే అవ్వ ఓబులేసు చిన్నాయనను చెరువుల వెంబడి తరిమేది. నీళ్ళు లేని సీమలో చేపలు దొరకడమంటే మాటలా? చిన్నాయన తన అన్న కోసం తడిగుడ్డలో చుట్టి సైకిల్ మీద బతికిన కొరమీను తెచ్చేవాడు. నువ్వప్పుడు చిన్నదానివి, ఆ చేప కదిలితే పరుగెత్తి బియ్యం మూట వెనక దాక్కునేదానివి.

సరే, అదంతా పాత కథ. రిటైరై వచ్చాక సంగతి నేను చెబుతాను. ప్రతి ఆదివారం పొద్దున పుంగనూరు బస్సు దిగి మా ఇంటికి వచ్చేవాడా లేదా? నేను చింతపండు పులుసులో చేప ముక్కలు వేసి, మామిడికాయ దొరికే కాలమైతే నాలుగు ముక్కలు అదీ వేసి ఉంచేదాన్ని. రెండోసారి వడ్డించుకోకుండా లేచిన ఆదివారం ఒక్కటి చెప్పు. మా ఆయన అరుణ్ అయితే, “మీ నాయన నాకు ఒక్క ముక్కన్నా మిగిలిస్తాడా” అని ఎగతాళి చేసేవాడు. ఒక ఆదివారం చేపలు దొరక్క కోడి కూర చేస్తే నాకే మనసు ఒప్పలేదు, తండ్రి అంతదూరం వచ్చి ఇష్టమైంది తినకుండా పోతున్నాడే అని.

నేను నీకు గొప్పలు చెప్పుకోవడం లేదు. లేదు, చెప్పుకుంటున్నాను. ఆయనకు ఈ చేతులతో అన్నేళ్ళు వండి పెట్టాను. అదొక్కటే నాకు మిగిలిన తృప్తి.

ఇదే మాట అమ్మకు ఫోను చేసి చెప్పాను. ఆమె ఏమందో తెలుసా?

“చేపలు తినేటోడు, నిజమే. నా చేతి ఉప్పుమా గూడా తినేటోడు. ఉప్పెక్కువైనా బాగుండాదనేటోడు, అసలు ఉప్పే ఎయ్యకున్నా బాగుండాదనేటోడు. ఇష్టం లేంది ఆకులో పెడితే ఆయప్ప దాన్ని గూడా తినేసి బాగుండాదంటాడు. ఈడ ఉన్నన్నాళ్ళూ మనకోసం తిన్నాడు. ఆడికి పోయినాక గూడా మనకోసమే తినాల్నా? తెలిసిందాకా నేను ఆకు వెయ్యను.”

అమ్మ సంగతి తెలుసు కదా, వెయ్యనంటే వెయ్యదు. చిన్నాయన మధ్యలో దూరి, “అట్లంటే ఎట్ల వదినా? ఆకు లేకుంటే మాయన్న గడప దాకా వచ్చి ఆకలితో మళ్ళుకుంటాడు” అన్నాడట. ఆ మాటకు అమ్మ ఏడ్చింది కానీ పట్టు వదల్లేదు. తాతకు, అవ్వకు ఆకు వేసి నాయనకు వెయ్యకపోతే ఎట్లాగే? నువ్వు చెప్తే ఆమె వింటుంది. చేపలే అని గట్టిగా చెప్పు.

అక్క
వాణి


కుప్పం
17 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం అందింది. అమ్మకు చెప్పే ముందు ఇంకొకరిని అడుగుదామనిపించింది. శాంతిపురం దగ్గర నారాయణప్ప గుర్తున్నాడా? నాయన దినాలకు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆవుల కొట్టం దగ్గర నిలబడి ఏడ్చాడే, ఆయనే. నాయనతో ఒకే ఓడలో ఉన్నాడు, ఇంజను గదిలో పని. ఇప్పుడు చామంతి తోట పెట్టుకున్నాడు. ఈరోజు ఆదివారం కదా, ఆటో మాట్లాడుకుని వెళ్ళి వచ్చాను.

దొరస్వామి కూతురినని చెప్పగానే చేతిలో పూలగంప కింద పెట్టేశాడు. ఆయన చెప్పిన మాటలు నీకూ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నాయన మొట్టమొదట సముద్రం చూసినప్పుడు అందరూ ఆహా ఓహో అంటుంటే, ఈయన నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇన్ని నీళ్ళుండాయి గదరా. మా సేన్లకు సుక్క ల్యాకపోయె” అన్నాడట. ఓడంతా ఆ మాట చెప్పుకుని నవ్విందట. ఆయన మాత్రం నిజంగానే బాధపడ్డాడట.

గాలివాన వస్తే వంటగదిలో గిన్నెలు అటూ ఇటూ జారిపోయేవట. అప్పుడు నాయన తన నడుముకు తాడు కట్టుకుని, దాన్ని స్తంభానికి ముడివేసి పప్పు తిప్పేవాడట. “ఎనక వచ్చేటోనికి గూడా కూర ఉండాల” అనేది ఆయన మాట. వరుసలో ఆఖరి మనిషి తినేదాకా తాను ముట్టేవాడు కాదట. అంటే ఇంట్లో గిన్నె అడుగున మిగిలింది తినడం మన దగ్గర నేర్చుకున్నది కాదక్కా. అక్కడే అలవాటైపోయింది.

నారాయణప్ప ఇంకా చాలా చెప్పాడు. ఎండెక్కింది, ఆటో అబ్బాయి తొందర పెట్టాడు. వచ్చేటప్పుడు గంపెడు చామంతులు ఇచ్చాడు, ఇల్లంతా వాసన.

అక్కా, నాదొక మాట. ఆకులో చేపలు వద్దులే. పప్పు, అన్నం, ఒక కూర పెడదాం. అమ్మ కూడా సరేనంటుంది. నువ్వు చేపలకు ఎవరికీ చెప్పి పెట్టకు.

భార్గవి


మదనపల్లె
23 ఆగస్టు 2025

భార్గవీ,

చేప తినిపించేటప్పుడు పిల్లలకు ముళ్ళు ఏరి పెడతాం చూడు, అట్లా ఏరి రాశావు ఉత్తరం. నేను చిన్నపిల్లనా?

గాలివాన చెప్పావు, తాడు చెప్పావు, చామంతులు చెప్పావు. పని మీద పోయినదానివి, ఆ పని సంగతి ఒక్క ముక్క లేదు. నాయనకు ఏమిష్టమని అడగడానికి పోయి, అడగకుండా వచ్చావా? అడిగే ఉంటావు. ఆయన చెప్పే ఉంటాడు. అది నాకు రుచించదని దాచిపెట్టి ‘చేపలు వద్దులే’ అని మెల్లగా జారుకున్నావు. పప్పూ అన్నం ఎవరికి పెట్టరు? దానికి నాయనే కావాలా?

నేను కొరమీనుకు చెప్పి పెట్టేశాను. వద్దనాలంటే కారణం చెప్పు.

వాణి


కుప్పం
29 ఆగస్టు 2025

అక్కా,

దాచిన మాట నిజమే. కోపం తెచ్చుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

“మా నాయనకు ఓడలో చేపలంటే బాగా ఇష్టమా?” అని నారాయణప్పను అడిగాను. ఆయన నా ముఖం చూసి, నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“చేపలా? దొరస్వామికా? అమ్మా, చేపల దినం వచ్చిందంటే ఆయప్ప ముక్కుకు గుడ్డ కట్టుకుని వండేటోడు. ఉప్పు సూడాలంటే మాలో ఒకర్ని కేకేసేటోడు. నాలిక్కి తగలనిస్తే గదా! కొత్తగా చేరిన దినాల్లో గాలివానలో సిక్కుకుంటిమి. ఓడ ఊగతాండాది, నూనె బాణలి ఊగతాండాది, ఈయప్ప చేపలు ఏయిస్తా ఏయిస్తానే వాంతులు. ఆ పొద్దు నుంచి ఆ వాసన వస్తే కడుపులో తిప్పేది. ఓడలో ఉన్నన్నాళ్ళూ ముట్టలేదు.”

మరి ఇంట్లో ఎందుకు తిన్నాడని అడిగాను.

“నేనూ అడిగినాను. తొలి తూరి సెలవుకు ఇంటికి పోతే వాళ్ళమ్మ యాడయాడో తిరిగి బతికిన చేప తెప్పిచ్చి పెట్టుకోనుండాదంట. తమ్ముడు సైకిల్ తొక్కి తొక్కి కాళ్ళు వాచిపోయి కూర్చోనుండాడంట. వాళ్ళ మొగాలు సూసి తినేసినాడు. ఒక తూరి బాగుండాదని తిన్నాక ఇంగ యాల చెప్తాడమ్మా?”

అక్కా, నువ్వు ఇక్కడే ఆపేసి ఉత్తరం విసిరికొట్టకు. మిగతాది చదువు.

మరి ఆయనకు ఏమిష్టమని అడిగితే నారాయణప్ప వెంటనే చెప్పాడు, ఆలోచించను కూడా లేదు. బ్రెడ్డు. ఓడలో బ్రెడ్డు వాళ్ళే కాల్చుకోవాలట. తెల్లవారుతుండగా పొయ్యిలోంచి తీసిన మొదటి రొట్టె కొన ముక్క, గట్టిగా ఎర్రగా కాలి ఉంటుందే, అది నాయనదట. పాలు పోయని టీలో ముంచుకుని, బోర్లించిన గంగాళం మీద కూర్చుని తినేవాడట. నారాయణప్పకు డ్యూటీ అప్పుడే ముగిసేది కాబట్టి రోజూ చూసేవాడట.

“పొద్దంతా ఎవరు పిలిచినా పలికే మనిషి, ఆ కాసేపు మాత్రం ఆఫీసరు పిలిచినా పలికేటోడు కాదు. రొట్టె అంతా మాకే ఇచ్చేసేటోడు. ఆ కొన ముక్క అడిగితే మాత్రం, పోరా, ఇది నాది అనేటోడు.”

‘ఇది నాది.’ నాయన నోట ఆ మాట మనం ఒక్కసారైనా విన్నామా అక్కా?

నువ్వు బాధపడతావనే దాచాను. ఆదివారాల గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాక నాకు చెప్పబుద్ధి కాలేదు. నీకు మిగిలిన తృప్తి అదొక్కటే అన్నావు. దాన్ని నా చేతులతో తీసేసుకున్నట్టు అయింది. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పాలో వద్దో నువ్వే చెప్పు.

నీ చెల్లెలు
భార్గవి


కుప్పం
8 సెప్టెంబరు 2025

అక్కా,

ఫోను ఎత్తవు. జాబు లేదు. బావనడిగితే “మీ యక్క ఎవరితోనూ మాట్లాడడం ల్యా, నాతో గూడా. నాకైతే హాయిగానే ఉండాది” అన్నాడు. నవ్విస్తున్నాడు కానీ ఆయన గొంతు బాగా లేదు.

తిట్టాలనుంటే తిట్టు. తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి.

భార్గవి


పుంగనూరు
12 సెప్టెంబరు 2025

భార్గవీ,

అమ్మ దగ్గరికి వచ్చి మూడు రోజులైంది. ఇక్కడి నుంచే రాస్తున్నాను.

కోపం వచ్చింది. మొదట నీ మీద, తర్వాత ఆ నారాయణప్ప మీద, ఆఖరికి నాయన మీద. పోయినవాళ్ళ మీద కోపం వస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆదివారం చేపల అంగడి ముందు నుంచి పోవాల్సి వస్తే పక్క సందులో తిరిగి పోయాను. అన్నేళ్ళు ఒక మనిషికి పడనిదాన్ని కొసరి కొసరి వడ్డించానా? ఆయన రెండోసారి పెట్టించుకుంటుంటే నేను మురిసిపోయానా? సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఉండలేక బస్సెక్కి వచ్చేశాను. అమ్మకు చెప్పాలనే వచ్చాను.

వచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచి, అంతా చెప్పేశాను. చేపల గురించి విని ఆమె ఆశ్చర్యపోలేదు. “నాకు అనుమానంగానే ఉండె” అంది. బ్రెడ్డు అనేసరికి చేతులు ఆగిపోయాయి.

“బ్రెడ్డా?”

“అవున్మా.”

“ఒసే వాణీ, అట్లైతే ఆ జ్వరాలు?”

ఏ జ్వరాలని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను, నవ్వకుండా చదవగలిగితే చదువు.

“రిటైరై వచ్చినాక మీ నాయనకు అప్పుడప్పుడు పొద్దున్నే ఒళ్ళు బాగుండేది కాదు. ‘అమరా, జ్వరమొచ్చినట్టుండాది’ అనేటోడు. నుదురు పట్టుకుంటే సల్లగా ఉండేది. ‘లోపల్లోపల ఉండాది’ అనేటోడు. నేను బెదిరిపోయి నేలవేము కషాయం కాచేదాన్ని. నా కషాయం తెలుసు గదా, తాగితే పట్టిన దెయ్యం గూడా దిగి పరుగెత్తాల. మారు మాట్లాడకుండా గటగటా తాగేసేటోడు. తాగేసి, మెల్లగా, ‘బ్రెడ్డు తెప్పిస్తావా? అన్నం పోయేట్టు ల్యా’ అనేటోడు. పాలల్లో ముంచిస్తానంటే వద్దని, టీ డికాషన్ సాలనేటోడు. అది తిని, మధ్యాన్నానికంతా సేన్లో ఉండేటోడు. నా కషాయం మహిమ అని ఊరంతా చెప్పుకుంటి గదే! అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ కాచి పోస్తి గదే!”

నేను నవ్వు ఆపుకోలేక అడిగాను, అంగట్లో తానే కొనుక్కుని తినొచ్చు కదా అని. దానికీ కథ ఉంది. పెండ్లయిన కొత్తల్లో ఒకసారి సెలవులో ఉన్నప్పుడు కొనుక్కుని వచ్చాడట. ఆ కాలంలో మనూళ్ళో బ్రెడ్డు అంటే ఆస్పత్రి తిండి. దారి పొడుగునా ‘ఎవరికప్పా బాగలేదు’ అని అడిగేవాళ్ళేనట. ఇంటికి వస్తే అవ్వ గుండెలు బాదుకుని, బిడ్డకు సముద్రం గాలి సోకిందని తాయెత్తు కట్టించిందట. తాయెత్తు కట్టుకునే ఓడెక్కాడట పాపం. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నిజమే కదా, ఇప్పటికీ మనింట్లోకి బ్రెడ్డు వస్తే ఎవరో పడుకున్నారనే అర్థం.

అమ్మా నేనూ పడీపడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అమ్మ ఏడ్చింది. “అంత చేదు తాగాల్నా, ఒక రొట్టె ముక్క కోసం? నన్నడిగేదానికి మొగమాటమా?” అని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమెను పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నువ్వు నా తృప్తిని తీసేసుకున్నానని రాశావు. లేదు భార్గవీ. ఆయన చేపల కోసం వస్తున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పులుసులో ఉప్పు సరిపోయిందా, ముక్క చెదరకుండా ఉందా అని దాని వెనకే తిరిగాను. కడుపులో తిప్పే కూర ఉంటుందని తెలిసీ ప్రతి ఆదివారం బస్సెక్కాడంటే, ఆయన దేనికోసం వచ్చాడు? నన్ను చూడడానికి వచ్చాడే. నా కోసమే వచ్చాడు. నా పెండ్లయిన నాటి నుంచి నీ మీదే నాయనకు ప్రేమ ఎక్కువని లోపల ఒక ముల్లు ఉండేది నాకు. నీకెప్పుడూ చెప్పలేదు. అది పోయింది.

ఇక చిన్నాయన. బ్రెడ్డు మాట వినగానే ఎగిరి పడ్డాడు. “పెద్దల ఆకులో బ్రెడ్డా? ఆస్పత్రి వార్డు అనుకున్యారా? ఊర్లో తలెత్తుకుని తిరగాల్నా వద్దా?” అని. ఆయన కోపానికి అసలు కారణం నాకు తెలుసు. సైకిల్ మీద ఆయన తెచ్చిన చేపలన్నీ నాయనకు పడలేదని విని ముఖం ఇంత చేసుకున్నాడు. నా సంగతే ఆయన సంగతీ. “నాకు చెప్పింటే ఆ ఎండలో తొక్కకపోదును గదా, మాయన్న ఎంత మోసగాడు” అని గొణిగాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని లేచిపోయాడు.

అమ్మ మాత్రం ఒకటే మాట. “తెలిసింది. ఆకు వేస్తాను.”

నువ్వు వస్తావా?

అక్క
వాణి


కుప్పం
16 సెప్టెంబరు 2025

అక్కా,

స్కూల్లో మధ్యాహ్నం విరామంలో నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే తోటి టీచర్లు పిచ్చెక్కిందా అన్నట్టు చూశారు. ఆ తర్వాత ఏడుస్తుంటే నిజంగానే ఎక్కిందని తేల్చుకున్నారు.

రాలేనక్కా. మా అత్తగారింట్లోనూ ఆ రోజే పెద్దలకు పెట్టాలి. నేను ఈ ఇంటి కోడలిని, పొయ్యి దగ్గర నేనే ఉండాలి. నీకు అదృష్టం, మీవాళ్ళు దీపావళికి పెడతారు. నా బదులు కూడా నువ్వే దండం పెట్టు. ఒక్క విషయం కూడా వదలకుండా రాయి. ముళ్ళు ఏరకుండా రాయి.

నీ మీద ఎక్కువ, నా మీద ఎక్కువ అని నాయనకు ఉండిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం, పెద్దకూతురంటేనే ఆయనకు పిచ్చి అని ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నాను. ఆదివారాలు నీకు కదా ఇచ్చాడు!

భార్గవి


పుంగనూరు
22 సెప్టెంబరు 2025

భార్గవీ,

నిన్నటి సంగతి నువ్వు అడిగినట్టే పూస గుచ్చినట్టు రాస్తున్నాను.

మొన్న సాయంత్రం అమ్మ తానే బేకరీకి బయల్దేరింది. నేను తెస్తానంటే వినలేదు. కోసిన ప్యాకెట్టు కాదు, నిండు రొట్టె కావాలని పట్టుబట్టింది. బేకరీ ఆయన ముక్కలు చెయ్యని రొట్టె లోపలి నుంచి తెచ్చి ఇస్తూ, “ఎవరికమ్మా బాగలేదు?” అని అడిగాడు.

“ఎవరికీ ఏం ల్యా. మా యింటాయనకు ఇష్టం” అంది అమ్మ.

ఆ ఒక్కడితో ఆగిందా? దారిలో కనబడిన ప్రతివాళ్ళకూ రొట్టె ఎత్తి చూపించి అదే మాట చెప్పింది. కొత్త చీర కట్టుకుని పోతున్న పెండ్లికూతురు కూడా అంత గొప్పగా నడవదు. నేను వెనకాల సంచీ పట్టుకుని నడిచాను. ఆమె ముఖంలో అంత వెలుగు చూసి ఏడాది దాటింది.

నిన్న తెల్లవారేసరికి తల స్నానాలు అయ్యాయి. నేను పప్పు, అన్నం, గుత్తి వంకాయ కూర, వడలు చేశాను. చేపలు చెయ్యలేదు. కొరమీను తెచ్చే మనిషికి వద్దని ముందే చెప్పేశాను. తాతకు, అవ్వకు వాళ్ళవి వేశాక అమ్మ మూడో ఆకు పరిచింది. యూనిఫారంలో ఉన్న నాయన ఫోటో గోడకు ఆనించి పెట్టాం. నువ్వు ఉత్తరంతో పాటు పంపిన నారాయణప్ప చామంతులు, ఎండిపోయినా సరే, కట్టి వేశాను. కొత్తవి కూడా వేశానులే.

రొట్టెను కొంచెం పెనం మీద పెట్టి పైతోలు గట్టిపడేదాకా కాల్చింది అమ్మ. కొన ముక్క తానే కోసింది. ముక్క ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా వచ్చింది. దాన్ని ఆకు మధ్యలో పెట్టింది. పప్పూ అన్నం పక్కకు జరిగాయి. గ్లాసులో పాలు లేని టీ పోసి కుడి పక్కన పెట్టింది.

చిన్నాయన రాడనే అనుకున్నాం. తలకు నూనె పెట్టుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఆకు వైపు చూశాడు. “టీలో సక్కెర ఏసినారా? మాయన్నకు సక్కెర ఎక్కువుండాల” అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. వెయ్యలేదు. ఆయనే పోయి చక్కెర డబ్బా తెచ్చి వేశాడు. ఇంతమందిమి తిరిగితే ఒక్క ఆకు పూర్తయింది.

హారతి ఇచ్చాం. నీ బదులు నేనే ఇంకోసారి దండం పెట్టాను. పెద్దలు తినేటప్పుడు మనం చూడకూడదు కదా, అందరం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. వసారాలో నిలబడ్డాక చూస్తే అమ్మ మాతో లేదు. లోపలే ఉండిపోయింది. చిన్నాయన పిలవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

తలుపు సందులోంచి అమ్మ గొంతు వినబడింది. నాయన భోజనానికి కూర్చున్నప్పుడు ఎట్లా మాట్లాడేదో అట్లాగే మాట్లాడుతోంది.

“నిదానంగా తినప్పా. ఈ తూరి కషాయం ల్యా.”

నీ అక్క
వాణి